బిళ్ళగన్నేరు – కాన్సరు చికిత్స

బిళ్ళగన్నేరు నెరుగని తెలుగువారుండరు. మరాఠీ సోదరులు దానినే సదాఫులి యందురు. భివండీలోని ఇరుకు గుమ్మముల యొద్ద పాత డబ్బాలో నాటినను ఏడాది పొడవునా పూయును. మధుమేహమునకు మందగునేమోయని కెనడా దేశములో రాబర్ట్ నోబుల్, చార్లెస్ బీర్ అను శాస్త్రజ్ఞులు దీని ఆకులను పరీక్షించిరి. ఎలుకల రక్తములో చక్కెర తగ్గలేదు గాని తెల్లకణములు తగ్గినవి. ఆ జాడ ననుసరించి 1958లో విన్‌బ్లాస్టిన్ అను పదార్థమును వెల్లడించిరి. ఈ మొక్కనుండియే లభించిన విన్‌క్రిస్టిన్ 1963లో అమెరికాలో మందుగా ఆమోదము పొందెను.

కణము రెండుగా చీలునపుడు లోపల నూలుపోగుల వంటి సన్నని తంతువులు ఏర్పడి జన్యుపదార్థమును ఇరువైపులకు లాగును. విన్‌క్రిస్టిన్ ఆ పోగులను ఏర్పడనీయదు. పడుగు లేని మగ్గమువలె కణము నిలిచిపోవును. మెథోట్రెక్సేట్ అను మరియొక మందు జన్యుపదార్థము తయారగుటనే ఆటంకపరచును. మొదటిది నరములను బాధించును గాని ఎముకల మూలుగను అంతగా చెరుపదు. రెండవది మూలుగను పీడించును. దెబ్బతీయు చోటులును, కలిగించు బాధలును వేరగుటచే వైద్యులు ఇట్టివానిని కలిపి వాడుదురు. పిల్లల రక్తపు కాన్సరులో ఈ పద్ధతి 1960 తరువాతి సంవత్సరములలో స్థిరపడెను. సరియైన చికిత్సను పూర్తిగా పొందిన పిల్లలలో అధికులు నేడు కోలుకొనుచున్నారు.

ఈ రెండవ మందు కథలో మన తెలుగువాడొకడు గలడు. ఫోలిక్ ఆమ్లమునకు ఆ పేరు ఆకు అను అర్థము గల లాటిన్ మాటనుండి వచ్చినది. 1941లో దానిని పాలకూరనుండి తీసిరి. 1895లో భీమవరమున జన్మించిన ఎల్లాప్రగడ సుబ్బారావుగారి బృందము అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలలో దానిని కృత్రిమముగా తయారుచేసెను. అయితే అట్టి పదార్థములిచ్చిన పిల్లలలో రక్తపు కాన్సరు మరింత ముదురుచున్నట్లు బోస్టన్ వైద్యుడు సిడ్నీ ఫార్బర్ గమనించెను. అంతట దానికి విరోధియగు అమినాప్టెరిన్‌ను లెడర్లీవారే సమకూర్చిరి. దానివలన వ్యాధి తాత్కాలికముగా తగ్గినదని 1948లో ఫార్బర్ ప్రకటించెను. మెథోట్రెక్సేట్ దాని తోబుట్టువే.

కావున ఆకునుండి వచ్చినదెల్ల మేలే చేయునని తల్లిదండ్రులు తలపరాదు. మెథోట్రెక్సేట్ వాడుచుండగా వైద్యుని అడుగక ఫోలిక్ ఆమ్లపు బిళ్ళలు వేసినచో మందు బలము తగ్గవచ్చును. పసుపులోని కర్క్యుమిన్ సైక్లోఫాస్ఫమైడ్ అను మందు ప్రభావమును ఎలుకలలో తగ్గించినదని 2002లో ఒక పరిశోధన తెలిపెను. కూరలో వేయు చిటికెడు పసుపునకు భయపడనక్కరలేదు. గొట్టపుమాత్రలలో అమ్ము పసుపుసారము వేరు సంగతి. బిళ్ళగన్నేరు ఆకు నూరి త్రాగించుట మరింత అపాయకరము. ఒక గ్రాము విన్‌క్రిస్టిన్‌కు వందల కిలోల ఎండుటాకులు కావలెను. పసరులో ఏ విషమెంత గలదో ఎవరు కొలువగలరు?

పరేలులోని టాటా మెమోరియల్ ఆసుపత్రికి పోయినను, మరెచ్చటికి పోయినను, ఇంట వాడుచున్న పొడిని, కషాయమును, మాత్రల డబ్బాను వెంట కొనిపోయి వైద్యునికి చూపవలెను. కోపపడునేమోయని దాచరాదు. కీమోథెరపీ పొందుచున్న బిడ్డకు జ్వరము తగిలినచో కషాయము కాచుచు కూర్చుండరాదు. తెల్లకణములు తగ్గియున్నవేళ జ్వరము గంటలలోనే ప్రాణాపాయము కాగలదు. అర్ధరాత్రియైనను ఆసుపత్రికి చేర్చవలెను.