చలిగాలిలో దాగియున్న వేడి

నార్వే వంటి శీతలదేశములలో శీతకాలమున ఇంటిని వెచ్చగా నుంచుకొనుట ప్రాణరక్షణకే యవసరము. అచ్చట ననేక కుటుంబములు పూర్వము బాయిలరులలో ఖనిజతైలమును మండించి, వేడినీటిని గొట్టములద్వారా గదులకు పంపుచుండెడివి. ఒక లీటరు తైలము మండగా సుమారు రెండున్నర కిలోగ్రాముల బొగ్గుపులుసు వాయువు పుట్టును. 2020 జనవరి 1 నుండి ఆ దేశమున గృహములను వెచ్చజేయుటకు ఖనిజతైలమును మండించుట నిషేధింపబడినది. తైలమునకు బదులుగా వచ్చిన సాధనములలో బయటి చలిగాలినుండి వేడిని గ్రహించు హీట్ పంపు ముఖ్యమైనది.

చలిగాలిలో వేడి యెక్కడిదని విద్యార్థులు శంకింపవచ్చును. వేడి బొత్తిగా లేని స్థితి సున్నకు దిగువ 273 డిగ్రీలు. కావున సున్నకు దిగువ 10 డిగ్రీల గాలియందును వేడి గలదు. దానిని పట్టుటకు మిక్కిలి చల్లని స్థితిలోనే మరుగు ద్రవము కావలెను. ప్రొపేను అట్టిది, మామూలు ఒత్తిడియందు అది సున్నకు దిగువ 42 డిగ్రీలయొద్దనే మరుగును. యంత్రపు గొట్టములలోని యిట్టి ద్రవము బయటి గాలినుండి వేడిని గ్రహించి ఆవిరియగును. కంప్రెసరు ఆ యావిరిని నొక్కగా అది బాగుగ వేడెక్కును. సైకిలుకు గాలి కొట్టునప్పుడు పంపు వేడెక్కుట మనమెరిగినదే గదా! ఆ యావిరి తన వేడిని ఇంటిలోని నీటికిచ్చి మరల ద్రవమగును. పిమ్మట సన్నని రంధ్రము గుండ పోయి, ఒత్తిడి తగ్గి, చల్లబడి, మరల బయటికేగును. మన రిఫ్రిజిరేటరు లోపలి వేడిని వెలికి తెచ్చుటయు నిట్లే. ఈ విధమున ఇండ్లను వెచ్చజేయవచ్చునని విలియం థామ్సన్, అనగా పిమ్మట కెల్విన్ ప్రభువైన శాస్త్రజ్ఞుడు, 1852లోనే సూచించెను.

ఇక ఖర్చు లెక్క చూతము. లీటరు తైలమున సుమారు 10 యూనిట్ల వేడి గలదు. పాత బాయిలరులో ఐదవవంతు వృథాయయ్యెననుకొన్నచో 8 యూనిట్లు మిగులును. పంపు ఒక యూనిటు విద్యుత్తుతో 3 యూనిట్ల వేడి నిచ్చినచో, ఆ 8 యూనిట్లకు 3 యూనిట్లకంటె తక్కువ విద్యుత్తే చాలును. కావున గృహస్థుడు లీటరు తైలపు వెలను 3 యూనిట్ల విద్యుత్తు వెలతో పోల్చిచూడవలెను. చలి ముదిరినకొలది ఈ లాభము తగ్గునని మరువరాదు.

మరియొక సంగతి. బాయిలరు నీటిని 70 డిగ్రీలవరకు కాచును. పంపునకు 35 మొదలు 50 డిగ్రీలవరకు అనుకూలము. గోడలయందును కిటికీలయందును సందులున్న ఇంటిలో, చిన్న రేడియేటర్లతో, ఆ గోరువెచ్చని నీరు చాలదు. అట్టియెడ ఖర్చు పెరుగును. వృద్ధులును శిశువులును చలికి బాధపడుదురు. కావున ముందు సందులను మూసి, పైకప్పునకు దళసరి పొరవేసి, అవసరమైనచోట పెద్ద రేడియేటర్ల నమర్చి, పిమ్మటనే యంత్రమును తేవలెను. ఇల్లు సిద్ధపడక పూర్వము యంత్రమును నిందించుట న్యాయము కాదు.

దేవుడు మనకప్పగించిన దానికి మనము గృహనిర్వాహకులము. క్రొత్తగా సంపాదించుటకు ముందు, ఉన్నదానిని పోనీయకుండ కాపాడుకొనుట మంచి గృహనిర్వాహకుని లక్షణమని ఈ యంత్రము మనకు బోధించుచున్నది.