టీబీకి మాత్రలు చాలవు, బియ్యమూ కావాలి

వైద్యం అనగానే మనకు గుర్తొచ్చేవి డాక్టరు, సూది, మాత్ర. క్షయ అనే టీబీ విషయంలో ఈ మూడే ఎందుకు చాలవో తెలుసుకుందాం.

పూర్వం టీబీ వస్తే శానటోరియంలో చేర్చి, నెలల తరబడి విశ్రాంతి, మంచి తిండి ఇచ్చేవారు. మదనపల్లె దగ్గరి ఆరోగ్యవరం అటువంటిదే. మరి పేదలందరికీ పడకలు ఎక్కడివి? 1956లో మద్రాసు క్షయ చికిత్సా కేంద్రం 190 మందికి పైగా పేద రోగులను తీసుకుని, కొందరిని శానటోరియంలో, కొందరిని ఇంటివద్దే ఉంచి, ఏడాదిపాటు అవే మందులు ఇచ్చింది. ఇంటివద్ద ఉన్నవారికి తిండి తక్కువ, విశ్రాంతి తక్కువ. అయినా ఫలితం దాదాపు ఒకటే! 1959లో ఈ సంగతి వెలువడ్డాక ఎన్నో దేశాలు ఇంటివద్ద చికిత్సకు మారాయి. పేదలకు అది గొప్ప మేలు. కానీ మందుంటే చాలు, తిండి సంగతి తర్వాత చూడొచ్చు అనే అభిప్రాయం కూడా దాని వెంటే స్థిరపడిపోయింది.

అది సరికాదని జార్ఖండ్‌లో తేలింది. 2019లో మొదలైన అధ్యయనంలో 2,800 మంది రోగులకు మందులతోపాటు నెలనెలా ఆహారం ఇచ్చారు. వారి కుటుంబాలలో ఒక భాగానికి మనిషికి నెలకు 5 కిలోల బియ్యం, కిలోన్నర పప్పు, విటమిన్ మాత్రలు కూడా అందించారు. ఆ ఇళ్లలో కొత్తగా టీబీ రావడం సుమారు 40 శాతం తగ్గింది. మొదటి రెండు నెలల్లో బరువు పెరిగిన రోగులలో మరణాలూ బాగా తక్కువ. 2023లో ఇది ప్రచురితమైంది.

ఇప్పుడు ఒక కూలీని ఊహించుకోండి. మందు మొదలుపెట్టిన రెండు నెలలకు దగ్గు తగ్గుతుంది. ఖాళీ కడుపున మాత్ర వేసుకుంటే వికారం. ఇంట్లో గింజలు లేవు. అతను మాత్రలు మానేసి వలస పోతాడు. తప్పెవరిది? డాక్టరు చీటీ సరిగానే రాశాడు!

అందుకే ఇది ఒకరి పని కాదు. కళ్లె పరీక్ష ల్యాబ్ టెక్నీషియన్ చేస్తాడు. ఆశ ఇంటికి వెళ్లి మాత్రలు వేసుకుంటున్నాడో లేదో చూస్తుంది. ట్రీట్‌మెంట్ సూపర్‌వైజరు, వలస పోయిన ఊళ్లోనే మందులు అందే ఏర్పాటు చేస్తాడు. షుగరు, హెచ్‌ఐవి పరీక్షలు కూడా చేస్తారు. ఇంట్లోవాళ్లనూ పరీక్షించి, అవసరమైనవారికి టీబీ రాకుండా మందు ఇస్తారు. పోషణ కోసం 2018 నుండి ప్రభుత్వం నెలకు 500 రూపాయలు ఇచ్చేది, 2024 నవంబరు నుండి 1,000 చేసింది. ఈ డబ్బు బ్యాంకు ఖాతాలోనే పడుతుంది. ఖాతా లేని ముసలమ్మకు దాన్ని తెరిపించడం కూడా నా దృష్టిలో వైద్యమే.

మన గదుల సంగతి. ఒకే గదిలో చాలామంది పడుకుంటాం, కిటికీలు మూసేస్తాం. రెండు వారాలు దాటి దగ్గు ఉంటే వార్డెన్ గారికి చెప్పండి. కళ్లె పరీక్ష ప్రభుత్వాసుపత్రిలో ఉచితం. ఇంటి దగ్గర నాన్నకు టీబీ ఉన్నా దాచకండి, మీకూ పరీక్ష చేయించుకోవాలి. జబ్బు చేసినవాడి కంచం, గ్లాసు వేరుపెట్టకండి. టీబీ గాలి ద్వారా వస్తుంది, కంచం ద్వారా కాదు.