దారి తెలిసిన పటం

పార్వతీపురం మన్యంలో గెడ్డ పొంగిన పూట దానిని దాటవచ్చునో లేదో తెలుసుకోవడానికి ఎవరూ కాగితం చూడరు. ఫలానా బండ మునిగితే ఒడ్డునే ఆగిపోవాలని పసివాడికి సైతం తెలుసు. ఆ బండ అతని మనస్సులోని పటంలో ఒక గుర్తు. అయితే కొండమీది ఊరు విడిచి ఆశ్రమ పాఠశాలలో చేరి, ఎందరో పిల్లల నడుమ ఒకే హాలులో నిద్రించే ఆ బాలునికి కొత్త భవనం గురించి పెద్దలు అప్పగించిన జ్ఞానం ఏదీ లేదు. అర్ధరాత్రి పొగ కమ్మితే ఎటు వెళ్ళాలి? ఆ దారిని గీయాలి, నడవాలి, నేర్వాలి.

2004 జూలై 16న తమిళనాడులోని కుంభకోణంలో ఒక పాఠశాల వంటశాలలో రేగిన మంట ఆకుల కప్పుకు అంటుకొని 94 మంది పిల్లలను బలిగొన్నది. మేడమీది తరగతుల పిల్లలకు దిగే మార్గం ఇరుకైనది. పొయ్యి, ఆకుల కప్పు, మెట్లు, తరగతి గది, ఈ నాలుగూ ప్రతిరోజూ అందరికీ కనబడుతున్నవే. వాటిని ఒకే కాగితంపై చేర్చి చూస్తేనే ప్రమాదం రూపు కడుతుంది. ఆ దుర్ఘటన దరిమిలా దాఖలైన వ్యాజ్యంలో 2009 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు, భద్రమైన పాఠశాలలో చదువుకోవడం విద్యాహక్కులో భాగమని తీర్పునిచ్చింది. జాతీయ విపత్తు నిర్వహణ సంస్థ 2016లో పాఠశాలల భద్రతకు మార్గదర్శకాలు వెలువరించింది.

పటం ఎలా గీయాలి? మొదట కాగితం అక్కరలేదు. పల్లెల్లో ప్రజలను కూర్చోబెట్టి ముగ్గుపిండితో నేలపై ఊరి పటం వేయించే పద్ధతి మన దేశంలో మూడు దశాబ్దాలకు పైగా ఉన్నది. దానినే పాఠశాల ఆవరణకు తేవచ్చు. గదులకు గీతలు, నీటితొట్టికి చిప్ప, వంటశాలకు బొగ్గుముక్క, విద్యుత్తు మీటల పెట్టెకు ఎర్రమట్టి. చిన్న తరగతుల పిల్లలనే ముందు గీయనివ్వాలి. పెద్దలు మరచిన సంగతులు వారు చెబుతారు: ఈ కిటికీ ఊచ వదులుగా ఉన్నదనీ, ఆ వెనుక తలుపు ముందు విరిగిన బెంచీలు పేర్చారనీ. ఉపాధ్యాయునికి కాస్త ఇబ్బంది కలిగించే మాటలే గాని, పటానికి అవే ప్రాణం.

తరువాత ఒక్కొక్క గది నుండి బయటకు ఒక్కొక్క రంగు గీత వేయాలి. అప్పుడు ఒక విశేషం బయటపడుతుంది. మూడు గదుల గీతలు ఒకే మెట్ల దగ్గర కలిసిపోతాయి. ఒక్కొక్క గదిలో నలభై మంది ఉన్నారనుకొందాం. మెట్లమీద సెకనుకు ఒకరు దిగగలిగితే చివరి పిల్లవాడు బయటపడడానికి రెండు నిమిషాలు. పొగ అంత వ్యవధి ఇస్తుందా? ఒక గది పిల్లలను వేరే దారికి మళ్ళిస్తే ఎంత మిగులుతుంది? గీతలు వేయకముందు ఈ ప్రశ్న ఎవరికీ తట్టదు.

గుర్తుల విషయం కొంత లోతుగా ఆలోచించదగినది. తొలి తరగతుల్లో చేరే పిల్లల్లో ఇంట సవర, కువి వంటి భాషలు మాట్లాడేవారు ఉంటారు. 'అత్యవసర నిర్గమన ద్వారం' అన్న పలకను వారు ఎట్లా చదవగలరు? అక్షరాలు వచ్చినవారికే ఆ సమాసం భారం. ద్వారం వైపు పరుగెత్తే ఆకుపచ్చ మనిషి బొమ్మకు ఏ భాషా అవసరం లేదు. జపానుకు చెందిన యుకియో ఓత రూపొందించిన ఆ బొమ్మ నేడు దేశదేశాల్లో కనబడుతుంది. సవరలు తరతరాలుగా ఇంటి గోడలపై బియ్యప్పిండితో మనుషులను, చెట్లను, జంతువులను చిన్న చిన్న గీతలతో నిలుపుతున్నారు. ఆ చేతులకు బొమ్మతో మాట చెప్పడం కొత్త విద్య కాదు.

పటం పూర్తయితే పని పూర్తయినట్లా? 2011 మార్చి 11న జపానును ముంచెత్తిన సునామీ ఈ ప్రశ్నకు రెండు సమాధానాలు చెప్పింది. ఇషినోమాకి నగరంలోని ఒకావా ప్రాథమిక పాఠశాల, ముంపు అంచనా పటం ప్రకారం, నీరు చేరని చోట ఉన్నది. భూకంపం వచ్చాక పిల్లలను దాదాపు యాభై నిమిషాలు ఆవరణలోనే నిలిపారు. వెనుకనే కొండ ఉన్నది. 74 మంది పిల్లలు, 10 మంది సిబ్బంది మరణించారు. కమైషి నగరంలోని ఉనొసుమయి ప్రాంతపు పాఠశాలలు సైతం పటంలో ముంపు హద్దుకు వెలుపలివే. అక్కడ తొషితక కతాద అనే ఆచార్యుడు, పటంలోని అంచనాను నమ్మి నిలిచిపోవద్దని చాలాకాలంగా బోధించేవాడు. పెద్ద పిల్లలు చిన్నవారి చేతులు పట్టుకొని పరుగెత్తారు. ముందుగా అనుకొన్న చోటు చేరాక, అదీ చాలదని మరింత ఎత్తుకు వెళ్ళారు. అలా దాదాపు 570 మంది బ్రతికారు. మొదటి పాఠశాల వద్ద పటం లేక కాదు గదా ప్రమాదం జరిగినది!

కనుక పటంలో గీచిన ప్రతి దారినీ కాళ్ళతో సరిచూడాలి. అడుగులు లెక్కించాలి. ఒకసారి పగలు, ఒకసారి దీపాలు ఆర్పి, ఒకసారి ముఖ్యద్వారం మూసి ఉన్నదనుకొని నడవాలి. నడవలేని సహచరుని వెంట ఎవరు ఉంటారో ముందే తేల్చుకోవాలి. అగ్నిప్రమాదానికి మైదానం మంచి చోటే గాని, పిడుగులు పడే వేళ అది తగదు. గెడ్డ పొంగితే పల్లపు వైపు గేటు పనికిరాదు. 2022 ఏప్రిల్ 4న ఏర్పడిన పార్వతీపురం మన్యం జిల్లాలో ఏనుగుల గుంపు సంచారమూ లెక్కలోనిదే. ఒక్కొక్క ఆపదకు ఒక్కొక్క పటం కావాలి. ఇస్రో వారి 'భువన్' చిత్రాలలో కొండ, వాగు, రహదారి స్పష్టంగా కనబడతాయి. ఆవరణ వెలుపలి దారులకు అవి ఎంతో ఉపకరిస్తాయి. వసారా చివరి ఊచల తలుపుకు రాత్రి తాళం వేశారో లేదో మాత్రం ఆకాశం నుండి కనబడదు.

ఆ తాళంచెవి ఎక్కడ వ్రేలాడుతుందో కూడా పటంలో గుర్తించాలి.

అభ్యాసం

1. మీ కళాశాలలో ఏ రెండు తరగతుల దారులు ఒకే చోట కలుస్తాయో గీసి చూపండి.
2. ఒకావా, ఉనొసుమయి పాఠశాలల అనుభవాలలోని భేదాన్ని మీ మాటల్లో వివరించండి.
3. చదవడం రాని పిల్లవానికి 'ఇక్కడ నిలబడవద్దు' అని తెలియజేసే బొమ్మను రూపొందించి, ఇద్దరు చిన్నపిల్లలకు చూపి, వారు ఏమనుకొన్నారో వ్రాయండి.