దెబ్బలు తినడానికి జీతం ఇవ్వరు

కురిచేడు

బుజ్జమ్మా,

నిన్న రాత్రి మీ అమ్మ ఫోన్ చేసింది. పోయిన శనివారం నైట్ డ్యూటీలో పేషెంటు తాలూకు మనిషి ఒకడు నీ చెయ్యి మెలిపెట్టి, మందుల ట్రే విసిరికొట్టాడట. తెల్లారాక మీ మేనేజరు నిన్ను పిలిచి "చిన్న విషయం, వదిలెయ్యమ్మా, ఆసుపత్రి పేరు పోతుంది" అన్నాడట. నువ్వు నాకు ఒక్క ముక్క చెప్పలేదు. పెద్దమ్మ గాభరా పడుతుందనుకున్నావేమో. సర్వీసంతా వార్డుల్లో గడిపి హెడ్ నర్సుగా రిటైరైనదాన్ని, నాకు గాభరా ఏమిటే? కోపం వచ్చింది. అది చల్లారకముందే రాస్తున్నా.

చెయ్యి ఇంకా నొప్పిగా ఉంటే ముందు ఎక్స్‌రే తీయించుకో. అందరి నొప్పీ చార్టులో ఎక్కిస్తాం గానీ మన నొప్పికి మాత్రం ఇంత బామ్ పూసుకుని ఊరుకుంటాం. మన వృత్తిలో ఇదో పాడు అలవాటు.

నీ మీద చెయ్యి చేసుకున్నవాడు మన దర్శి వైపు మనిషేనని అమ్మ చెప్పింది. అయితే వాడు మీ ఆసుపత్రి దాకా ఎలా వచ్చాడో నేను చెప్పగలను. ఇక్కడ ఒకడు పొలంలో పురుగుమందు తాగాడనుకో. ముందు ఊళ్లో ఉన్న పీహెచ్‌సీకి మోస్తారు. వాళ్లు చేయగలిగింది చేసి దర్శికో వినుకొండకో రాస్తారు. అక్కడ వెంటిలేటరు లేదని ఒంగోలుకో నరసరావుపేటకో పంపుతారు. వెళ్లిన ప్రతి చోటా ఒక చీటీ, ఒక కొత్త సెలైను, ఏం తాగాడు, ఎప్పుడు తాగాడు అని మళ్లీ అవే ప్రశ్నలు. మీ గుమ్మం తొక్కేసరికి అర్ధరాత్రి దాటుతుంది. జేబులో డబ్బు అప్పటికప్పుడు వడ్డీకి తెచ్చింది. పొద్దున్నుంచి కడుపులో టీ తప్ప ఏమీ పడి ఉండదు. ఆ మనిషికి ఆ రోజు ఎదురుపడిన మొదటి నర్సువి కావు నువ్వు, మూడోదానివో నాలుగోదానివో. వెనక మింగుకుంటూ వచ్చిన కోపమంతా నీ దగ్గర కక్కుతాడు. డాక్టరు చూసి రాసి వెళ్లిపోతాడు. యజమాని మేడ మీద ఉంటాడు. వెంటిలేటరు లేకుండా ఆసుపత్రి కట్టినవాళ్లు ఎక్కడో ఉంటారు. మంచం పక్కన చేతికి అందేది మనమే.

వాణ్ని క్షమించమని ఇదంతా రాయడం లేదు. ఆ కోపం ఎటునుంచి వస్తుందో తెలిస్తే ఎప్పుడు వస్తుందో కనిపెట్టొచ్చు. పేషెంటు వచ్చిన కాసేపట్లోనే వాళ్లలో ఒకరిని పక్కకు పిలువు. నీ పేరు చెప్పు. ఇప్పుడు ఏం చేస్తున్నామో, డాక్టరు ఎంతసేపట్లో వస్తాడో చెప్పు. అరగంట పడుతుందంటే అరగంటని చెప్పు, "వెయిట్ చేయండి" అని ఊరుకోకు. ఆ మాట వాళ్లు దర్శిలోనూ విన్నారు, ఒంగోలులోనూ విన్నారు. పది మంది వస్తే ఒకరిని ఎంచుకుని, ఇక నుంచి అన్నీ మీకే చెబుతాను, మీరు మిగతావాళ్లకు చెప్పండి అను. వాళ్లలో గట్టిగా అరిచేవాణ్ని ఎంచుకోకు. మూలన నిలబడి కేస్ షీటు వైపు చూసే ఆడమనిషి ఉంటుందే, అత్తో వదినో, ఆమెను పట్టుకో. ఆమె చెప్తే ఇంట్లో మగాళ్లు వింటారు.

చావు కబురు నువ్వు చెప్పకు. అది డాక్టరు పని. "సిస్టర్, మీరు చెప్పండి" అని తప్పించుకునే డాక్టర్లు ఉంటారు, మర్యాదగానే కాదను. చెప్పేటప్పుడు పక్కన సెక్యూరిటీ మనిషి ఉండాలి, వాళ్లు కూర్చోవడానికి చోటుండాలి. వరండాలో నిలబెట్టి చెబితే ఆ తరువాత ఏమవుతుందో మన ఆసుపత్రుల అద్దాలను అడుగు. బిల్లు సంగతీ అంతే. డబ్బు మాట కౌంటరు వాళ్లది. "కట్టందే బాడీ ఇవ్వం" అన్న మాట మేనేజరు నీ నోట పలికించబోతే పలకొద్దు. గొడవల్లో సగం ఆ మాట దగ్గరే రాజుకుంటాయని నా నమ్మకం.

మన ప్రాంతంలో నైట్ డ్యూటీ చేసేవాళ్లు తప్పక తెలుసుకోవలసిన సంగతి ఇంకొకటుంది, తాగుడు. 2020 జూలై ఆఖర్లో నువ్వింకా చదువుకుంటున్నావు. కరోనా కట్టడిలో మద్యం షాపులు మూసేస్తే, మన ఊళ్లో గుడి దగ్గర అడుక్కునేవాళ్లు మొదలుకొని కూలీల దాకా శానిటైజర్ తాగి పది మందికి పైగా చచ్చిపోయారు. ఆ రెండు మూడు రోజులు కురిచేడు పేరు దేశమంతా మోగింది, సిగ్గుతో చచ్చాం. మందు దొరక్కపోతే శానిటైజరైనా తాగే మనిషి, కాలు విరిగి నీ వార్డులో పడుకుంటే ఏమవుతాడో ఆలోచించు. మొదటి రోజు మెత్తగా ఉంటాడు. రెండో రోజు చేతులు వణుకుతాయి, చెమటలు పడతాయి, నిద్ర పట్టదు. ఆ రాత్రికో మూడో రాత్రికో గోడ మీద పురుగులు పాకుతున్నాయంటాడు, సెలైను పీకేస్తాడు, అడ్డమొచ్చినవాళ్లను కొడతాడు. అది పొగరు కాదు, జబ్బు. దానికి మందులున్నాయి. అందుకే చేర్చుకునేటప్పుడే భార్యను పక్కకు పిలిచి "రోజూ తాగుతాడా, ఆఖరుసారి ఎప్పుడు తాగాడు?" అని అడిగి కేస్ షీటులో రాయి. వణుకు కనపడ్డ పూటే డాక్టరుకు ఫోన్ చెయ్యి, అర్ధరాత్రైనా సరే లేపు. షుగరు పడిపోయినా, తలకు దెబ్బ తగిలినా కూడా మనిషి ఇలాగే తిరగబడతాడు. తిట్టే ముందు గ్లూకోమీటరు పెట్టి చూడు.

ఎంత చేసినా కొట్టేవాడు కొడతాడు, ఆ సంగతీ రాయాలి. 2024 ఆగస్టు 24న తిరుపతి స్విమ్స్ ఎమర్జెన్సీ వార్డులో ఒక పేషెంటు జూనియర్ డాక్టరమ్మ జుట్టు పట్టి లాగి, ఆమె తలను మంచం ఇనుప చట్రానికేసి కొట్టాడు. ఆ సీసీ కెమెరా వీడియో నువ్వూ చూసే ఉంటావు. కలకత్తా ఆర్జీ కర్ ఆసుపత్రిలో డ్యూటీలో ఉన్న డాక్టరమ్మాయిని చంపేసి అప్పటికి సరిగ్గా పదిహేను రోజులు, దేశమంతా రోడ్ల మీదే ఉంది. అంతకు ముందు ఏడాది, 2023 మే 10 తెల్లవారుజామున, కేరళలో కొట్టారక్కర తాలూకా ఆసుపత్రికి పోలీసులు ఒకణ్ని కట్టు కట్టించడానికి తెచ్చారు. వాడు అక్కడున్న కత్తెర అందుకుని వందనా దాస్ అనే హౌస్ సర్జన్‌ను పొడిచి చంపాడు. ఆమెకు ఇరవై మూడేళ్లు. పక్కన పోలీసులు ఉండి కూడా ఆపలేకపోయారు. ఆ నెలలోనే కేరళ చట్టం మార్చి, ఆసుపత్రి సిబ్బందిని తీవ్రంగా గాయపరిస్తే ఏడేళ్ల దాకా జైలు అని పెట్టింది.

ఇవి చదివి భయపడమని కాదు, డ్రెస్సింగ్ ట్రే నీ వైపు పెట్టుకోమని రాస్తున్నా. కత్తెరలు, బ్లేడ్లు పేషెంటు చేతికి అందేచోట ఉంచకు. పోలీసులు తెచ్చిన మనిషైతే "మీరు బయటికి పోవద్దు, ఇక్కడే నిలబడండి" అని గట్టిగా చెప్పు. గదిలో నీకూ తలుపుకీ మధ్య పేషెంటు మంచం గానీ, అతని తాలూకు మనుషులు గానీ ఉండకూడదు. మెడలో ఐడీ కార్డు తాడు లాగితే ఊడిపోయేది పెట్టుకో, లేదా జేబుకు తగిలించుకో. జుట్టు ముడి వేసుకుని క్యాప్ పెట్టుకో. గొంతు పెరుగుతోందనిపిస్తే రెండడుగులు వెనక్కి వెయ్యి, "నేను ఎవరో తెలుసా, ఎమ్మెల్యే మనిషిని" అంటే "సరేనండీ, డాక్టరుగారిని పిలుచుకొస్తా" అని బయటికి వచ్చెయ్. అక్కడ గెలవాల్సిన పందెం ఏమీ లేదు. పరిగెత్తితే పిరికిది అంటారనుకోకు.

ప్రమాదం ఎప్పుడూ బయటినుంచే రాదు. బొంబాయి కేఈఎం ఆసుపత్రిలో అరుణా షాన్‌బాగ్ అనే నర్సు ఉండేది. 1973 నవంబరు 27న డ్యూటీ అయ్యాక బేస్‌మెంటులో బట్టలు మార్చుకోబోతుంటే, ఆ ఆసుపత్రి వార్డుబాయే కుక్క గొలుసుతో ఆమె మెడ బిగించి అఘాయిత్యం చేశాడు. మెదడు దెబ్బతిని మంచంలోనే ఉండిపోయింది. 2015 మేలో పోయేదాకా అక్కడి నర్సులే తరాలు మారుతూ సొంత మనిషిలా చూసుకున్నారు. నేను శిక్షణలో ఉన్నప్పుడు సీనియర్లు ఆ కథ చెప్పి "ఒంటరిగా కిందికి పోవద్దే" అనేవాళ్లు. మీ ఆసుపత్రిలో నర్సులు బట్టలు మార్చుకునే గదికి లోపలి గడియ ఉందా? మెట్ల దగ్గర లైటు వెలుగుతుందా? రాత్రి తొమ్మిదికి డ్యూటీ దిగే పిల్లలను హాస్టలు దాకా ఎవరు దింపుతున్నారు? ఇవి అడగడం గొంతెమ్మ కోరికలు కావు.

ఇక మీ మేనేజరు అన్న "చిన్న విషయం" సంగతి. మన రాష్ట్రంలో 2008 నుంచి వైద్య సిబ్బంది మీద దాడుల నివారణకు ప్రత్యేక చట్టం ఉంది. డాక్టర్లకే కాదు, నర్సులకూ నర్సింగ్ విద్యార్థులకూ, ప్రభుత్వ ఆసుపత్రులకే కాదు, ప్రైవేటు వాటికీ వర్తిస్తుంది. నేరం రుజువైతే మూడేళ్ల దాకా జైలు, 50 వేల దాకా జరిమానా, అది నాన్‌బెయిలబుల్ నేరం, పగలగొట్టిన వస్తువులకు రెండింతలు కట్టించవచ్చు. చట్టం ఉంది సరే, దాన్ని వాడినవాళ్లను వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. కారణం ఏమిటంటే మధ్యాహ్నానికల్లా ఊరి పెద్దమనుషులు వస్తారు, క్షమాపణ చెప్పిస్తారు, టీలు తాగి పోతారు. నేను పనిచేసిన ఒక చోట సెలైను స్టాండుతో నర్సు భుజం మీద కొట్టినవాణ్ని అలాగే పంపించేశారు. వాడు మళ్లీ వచ్చాడు, ఇంకో సిస్టరును కొట్టాడు.

ఆర్జీ కర్ తరువాత 2024 ఆగస్టు 16న కేంద్ర ఆరోగ్య శాఖ తమ ఆసుపత్రులకు ఒక ఉత్తర్వు పంపింది. డ్యూటీలో ఎవరి మీద దాడి జరిగినా ఆరు గంటల్లోగా సంస్థ అధిపతే పోలీసు కేసు పెట్టించాలి అని. మీది ప్రైవేటు ఆసుపత్రి, ఆ ఉత్తర్వు మీకు నేరుగా అంటదు. కానీ అందులో ఉన్న న్యాయం పట్టుకో. కేసు పెట్టడం దెబ్బ తిన్న పిల్ల వంతు కాదు, ఆసుపత్రి వంతు. నీ పేరు మీద కాకుండా సంస్థ పేరు మీద కేసుంటే, ఆ పెద్దమనుషులు మీ ఇంటి గుమ్మం ముందు కూర్చోరు. మీ అమ్మానాన్నల భయం అదే కదా.

అసభ్యంగా తాకినా, మాటలన్నా దారి వేరే ఉంది. పనిచేసే చోట లైంగిక వేధింపుల మీద వచ్చిన 2013 చట్టం ప్రకారం పది మంది, ఆపైన పనిచేసే చోట అంతర్గత కమిటీ ఉండాలి. మూడు నెలల్లోగా రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వాలి. ఆసుపత్రికి వచ్చిపోయే బయటివాళ్ల నుంచి కూడా మిమ్మల్ని కాపాడటం యాజమాన్యం బాధ్యతేనని ఆ చట్టం చెబుతుంది. మీ నోటీసు బోర్డు మీద ఆ కమిటీ పేర్లు ఉన్నాయో లేదో రేపు చూడు. ఉండవని పందెం కాస్తా.

"ఇవన్నీ చేస్తే ఉద్యోగం ఉంచుతారా పెద్దమ్మా" అంటావు. ఆ భయం నాకు అర్థమవుతుంది, నీ జీతం మీద తమ్ముడి చదువు ఉందని తెలుసు. అందుకే ఒక్కదానివే వెళ్లకు. ఆ రాత్రి నీతో డ్యూటీలో ఉన్న సిస్టరునూ ఆయమ్మనూ కూడగట్టుకో. నలుగురు సంతకాలు పెట్టిన కాగితాన్ని మేనేజరు చించలేడు. అయినా తీసేస్తే తీసేయనీ. అనుభవమున్న నర్సుకు ఒంగోలులోనూ గుంటూరులోనూ ఇవాళ పని దొరక్కపోదు.

కాగితం మీద ఏడుపు రాయకు, చార్టు రాసినట్టు రాయి. తేదీ, వేళ, వార్డు, మంచం నంబరు, వాడు అన్న మాటలు అన్నట్టుగానే, ఏ చెయ్యి పట్టుకున్నాడు, చూసినవాళ్లెవరు. "సీసీ కెమెరా రికార్డు చెరిగిపోకుండా భద్రం చేయగలరు" అనే వాక్యం తప్పకుండా పెట్టు, కొద్ది రోజులకే పాతదాని మీద కొత్తది ఎక్కేస్తుంది. క్యాజువాలిటీకి వెళ్లి నీ చేతి దెబ్బను కూడా ఎంఎల్‌సీగా, అంటే మెడికో లీగల్ కేసుగా రాయించు. రోజూ ఇతరులకు రాయించేదేగా, ఈసారి నీకు. మీవాళ్లు స్టేషనుకు కబురు పెట్టకపోతే నువ్వే 112కి ఫోన్ చెయ్యి. ఏ స్టేషనుకు వెళ్లినా, తమ పరిధి కాకపోయినా జీరో ఎఫ్‌ఐఆర్ తీసుకోవలసిందే.

రేపు డ్యూటీ ఎక్కకముందే ఆ కాగితం మీ నర్సింగ్ సూపరింటెండెంటు చేతికిచ్చి, అందినట్టు సంతకం వేయించుకుని, నకలు ఫోటో తీసి నాకు వాట్సాప్ చెయ్యి. తీసుకోము అంటే ఆ మాటా రాసి పంపు. సోమవారం పొద్దున రైలెక్కి నేనే వస్తాను, మీ మేనేజరుతో నేను మాట్లాడతాను.

ఇట్లు,
మీ పెద్దమ్మ