కుండీలోని చెట్టును, తరముల అభిరుచియు

మన హనుమాన్ జంక్షను కూడలిలో నాంజనేయస్వామి గుడి చెంత నించుకసేపు నిలిచినచో, కడియము నర్సరీల మొక్కలను నింపుకొని పోవు లారీలు కన్పట్టును. వానిలో నొక్కొక్కప్పుడు పళ్లెములవంటి కుండీలలో నాటిన పొట్టి మఱ్ఱులును, జువ్వులును నుండును. వీనినే జపానువారు బోన్సాయి యందురు. పళ్లెములో నాటినదని యా మాట కర్థము. చీనాదేశమునుండి జపానునకు వచ్చిన విద్య యిది. అవి పొట్టిజాతి చెట్లని కొందఱు తలంతురు గాని యది సరికాదు. చెఱువుగట్టున పెరుగు మఱ్ఱియే యిదియును; వేళ్లను, కొమ్మలను కత్తిరించుచుండుటచే చిన్నదై నిలిచినది.

నాటినవానికంటె చెట్టు చిరకాలము బ్రదుకును. ఒకని యిచ్చకొలది దిద్దిన చెట్టు మఱియొకని చేతికి పోవును. హిరోషిమా నగరమున యమాకివారి యింటి పైనుచెట్టును 1625 నుండి దిద్దుచు వచ్చిరి. 1945 ఆగస్టు 6వ తేదీని అణుబాంబు పడినప్పుడు గోడచాటున నుండుటచే నది బ్రదికినది. 1976లో దానిని అమెరికాకు కానుకగా నిచ్చిరి. నేడు వాషింగ్టనులో నున్నది. ఇన్ని తరములవారికి నొక్కటే రుచి యుండునా? ఒకకాలమున జపానులో కొమ్మలన్నిటిని మెలికలు త్రిప్పి, అష్టపాదివలె కన్పట్టజేయుటయే గొప్పగా నుండెను. పిదప కొండమీది చెట్టువలె సహజముగా నుండవలెననిరి. ఇటీవల యంత్రపుటుళులతో మ్రానును చెక్కి, బ్రదికిన కొమ్మనే యొలిచి యెండుకట్టెగా చేయువారును గలరు. ఇది మాకు రుచింపలేదు.

అభిరుచియే కాదు, చెట్టును మాఱును. లేతమ్రానును పామువలె వంచినచో, లావెక్కినకొలది వంపులు పూడి సగము కనబడకపోవును. పడుచు పైనునకు కొనదేలిన తల యందము; ముదిమిని తల గుండ్రనగును, కొమ్మలు వ్రాలును. వంచుటకు చుట్టిన తీగను సమయమునకు విప్పనిచో బెరడులో దిగి, ఆ మచ్చ యేండ్లతరబడి పోదు. కాలిఫోర్నియాలో జాన్ నాకా యను నాతడు 1948లో రెండు జూనిపరు మొక్కలతో మొదలిడి, మనుమలు పుట్టినకొలది చెట్లను చేర్చి, తుదకు 11 చెట్ల తోపును చేసెను. మొదటి రూపమే చాలునని యాతడు కూర్చుండలేదు. దానిని 1984లో వాషింగ్టనుకే యిచ్చెను.

ఇదంతయు మే మేల వ్రాయుచున్నామనగా, మా పాఠశాల వరండాలోని కుండీలో నొక మఱ్ఱి కలదు. మాకు ముందు చదివినవారు దాని క్రింది కొమ్మను తీగ చుట్టి కుడిదిక్కునకు వంచి పోయిరి. నాడది సన్ననిది, చూడ ముచ్చటగా నుండెనట. ఇప్పుడు మ్రానంత లావై పైకొమ్మల బలమును లాగుచున్నది. కోయవలెనని మాలో కొందఱు. దానిని వంచినవారు వార్షికోత్సవమునకు వచ్చి మొదట వెదకునది యా కొమ్మనే కదా యని కొందఱు. మఱ్ఱి చిగురించుటకు మన వానకాలమే మంచిది గనుక తొలకరివఱకు కత్తి పెట్టరాదని మాత్ర మందఱము నొప్పుకొంటిమి. ఇంతలో మఱియొక చిక్కు వచ్చిపడినది. కొండమీది పైనులను చూచి పెరిగిన జపానువారి కన్ను వేఱు, ఊడలమఱ్ఱి నీడను పెరిగిన మన కన్ను వేఱు. క్రిందటి వానకాలమున నా కొమ్మనుండియే యొక యూడ దిగనారంభించినది. మట్టికింకను నాలుగంగుళముల యెడమున్నది.