పాజ్ బటన్ లేని గేమ్స్: టీవీ గేమ్ రోజుల నుంచి నాన్న అయ్యేదాకా నేను నేర్చుకున్నది

గేమింగ్ ఫోన్ కొనేటప్పుడు మనం ముందు చూసేది ప్రాసెసర్, తర్వాత రిఫ్రెష్ రేట్, ఆ తర్వాత బ్యాటరీ. నేనూ అంతే. కానీ ఇంట్లో చిన్న పిల్లలు ఉంటే వీటన్నిటికంటే ముందు చూసుకోవాల్సింది ఇంకొకటి ఉంది. మీరు ఆడే గేమ్‌ని మధ్యలో ఆపొచ్చా, లేదా? ఇది ఏ స్పెక్ షీట్‌లోనూ ఉండదు. నాకు 29 ఏళ్లు. 20 ఏళ్లుగా గేమ్స్ ఆడుతున్నా, పైగా సాఫ్ట్‌వేర్ ఇంజినీర్‌ని. అయినా ఈ సంగతి మా పాపకి మూడేళ్లు వచ్చాక గానీ బుర్రకి ఎక్కలేదు. ఎలా ఎక్కిందో, మీ ఫోన్‌లో దీన్ని ఎలా చెక్ చేసుకోవాలో ఈ ఆర్టికల్‌లో చూద్దాం.

స్టార్ట్ బటన్ నొక్కితే ఆగిపోయేది

మాది శంషాబాద్. నాన్నకి పాత బెంగళూరు రోడ్డు మీద కిరాణా కొట్టు ఉండేది. ఇక్కడ ఎయిర్‌పోర్ట్ ఇంకా కడుతున్న రోజుల్లో మా ఇంటికి టీవీ గేమ్ వచ్చింది. నింటెండో 1983లో జపాన్‌లో తెచ్చిన ఫ్యామికామ్‌కి అది చవక కాపీ అని నాకు చాలా ఏళ్ల తర్వాత తెలిసింది. కాసెట్ మీద "9999 ఇన్ 1" అని ఉండేది. లోపల మాత్రం ఓ పదో పదిహేనో గేమ్స్, అవే పేర్లు మార్చుకుని తిరిగొచ్చేవి.

కాంట్రా ఆడుతుంటే అమ్మ అన్నానికి పిలిచేది. స్టార్ట్ బటన్ నొక్కి వెళ్లేవాణ్ని. తినేసి వచ్చి చూస్తే మనవాడు గాల్లో ఎగిరినవాడు ఎగిరినట్టే ఉండేవాడు. నాన్న నోకియా 1100లో స్నేక్ ఆడుతుంటే కాల్ వచ్చినా అంతే, మాట్లాడాక మళ్లీ కంటిన్యూ. గేమ్ మన కోసం ఆగడం అప్పట్లో మామూలు విషయం.

2008 మార్చి 23న శంషాబాద్ నుంచి విమానాలు మొదలయ్యాయి. ఆ తర్వాత నా మకాం నెట్ సెంటర్‌కి మారింది. అక్కడ కౌంటర్ స్ట్రైక్ 1.6. పది మంది కలిసి ఆడే గేమ్ కాబట్టి ఒక్కడి కోసం ఆగదు. కానీ గంటకి 20 రూపాయలు. టైం అవ్వగానే నెట్ సెంటర్ అన్న సిస్టం ఆపేసేవాడు. గేమ్ ఆగకపోయినా జేబు ఆపేది.

బీటెక్‌లో క్లాష్ ఆఫ్ క్లాన్స్. 2016 సెప్టెంబర్‌లో జియో వచ్చాక డేటా లెక్క చూసుకోవడం మానేశాం. 2018లో పబ్జీ మొబైల్ వచ్చింది. 2020 సెప్టెంబర్ 2న దాన్ని బ్యాన్ చేశారు, 2021 జులైలో బీజీఎంఐ వచ్చింది. ఇక ఫోన్ జేబులోనే, డేటా రోజంతా. ఆపడానికి కరెంట్ కోత లేదు, నెట్ సెంటర్ అన్న లేడు. ఇది నేను అప్పుడు గమనించనేలేదు.

ఆ శనివారం సాయంత్రం

మా ఇల్లు విమానాలు దిగే దారి కింద ఉంటుంది. సాయంత్రం పాపని డాబా మీదికి తీసుకెళ్లి విమానాలు చూపించడం మా ఇద్దరికీ అలవాటు. ఆ రోజు మా ఆవిడ బజారుకి వెళ్లింది. నేను ఒక ఆన్‌లైన్ మ్యాచ్‌లో చివరి పది మందిలో ఉన్నా. పాప వచ్చి "నాన్నా, విమానం చూద్దాం రా" అంది. "రెండు నిమిషాలు బంగారం" అన్నా, తల ఎత్తకుండా.

మ్యాచ్ అయ్యేసరికి ఇల్లు నిశ్శబ్దంగా ఉంది. గదిలో లేదు, వంటింట్లో లేదు. మెట్ల వైపు పరిగెత్తా. పద్దెనిమిది మెట్లు ఒక్కతే ఎక్కి, డాబా తలుపు దగ్గర చివరి మెట్టు మీద కూర్చుని ఉంది. తలుపుకి గడియ వేసి ఉంది కాబట్టి సరిపోయింది. మా డాబా పిట్టగోడ నా మోకాళ్ల వరకే. నన్ను చూసి "విమానం వెళ్లిపోయింది నాన్నా" అంది. టైం చూస్తే నా రెండు నిమిషాలు పద్నాలుగు నిమిషాలు అయ్యాయి.

ఏ గేమ్ అన్నది ఇక్కడ ముఖ్యం కాదు, తప్పు నాది. కానీ ఆ రాత్రి నిద్ర పట్టక ఆలోచిస్తే ఇంకో విషయం తట్టింది. నేను పాపకి చెప్పిన టైం నా చేతిలో ఉన్న టైం కాదు, సర్వర్ చేతిలో ఉన్నది.

ఎందుకు ఆగదు?

ఏ గేమ్ లోపలైనా ఒక లూప్ తిరుగుతూ ఉంటుంది. బటన్లు చదువు, లెక్కలు మార్చు, బొమ్మ గియ్యి. చాలా గేమ్స్‌లో ఇది సెకనుకి 60 సార్లు జరుగుతుంది. పాజ్ అంటే మధ్యలో ఉన్న లెక్కల పని ఆపేయడం. కాంట్రాలో ఆ లెక్కలు మన టీవీ గేమ్ డబ్బాలోనే ఉండేవి కాబట్టి ఆపడం మన ఇష్టం. వంద మంది ఆడే బ్యాటిల్ రాయల్‌లో అసలు లెక్క ఎక్కడో సర్వర్‌లో ఉంటుంది. మన ఫోన్ పని బటన్లు పంపడం, బొమ్మ చూపించడం వరకే. మనం ఫోన్ పక్కన పెట్టినా మిగతా 99 మందికి గేమ్ నడుస్తూనే ఉంటుంది.

దీన్ని బట్టి గేమ్స్‌ని మూడు రకాలుగా చూడొచ్చు:

1. ఆగే గేమ్స్: ఆల్టోస్ ఒడిస్సీ, మాన్యుమెంట్ వ్యాలీ లాంటివి. లెక్క మీ ఫోన్‌లోనే ఉంటుంది.
2. మ్యాచ్ అయ్యేదాకా ఆగనివి: బీజీఎంఐ లాంటివి. పెద్ద మ్యాప్‌లో ఒక మ్యాచ్‌కి అరగంట దాకా పడుతుంది.
3. మీరు లేనప్పుడు కూడా నడిచేవి: క్లాష్ ఆఫ్ క్లాన్స్ లాంటివి. యాప్ మూసినా మీ ఊరి మీద ఎవరో దాడి చేస్తారు. చేతిలో ఫోన్ లేకపోయినా మనసు అక్కడే ఉంటుంది.

ఎయిర్‌ప్లేన్ మోడ్ టెస్ట్

కొత్త గేమ్ ఏ రకమో తెలియాలంటే ఇలా చెయ్యండి. ముందు ఎయిర్‌ప్లేన్ మోడ్ ఆన్ చేసి గేమ్ ఓపెన్ చెయ్యండి. ఓపెన్ అయితే కాసేపు ఆడి, లెవెల్ మధ్యలో హోమ్ బటన్ నొక్కండి. వేరే యాప్స్ నాలుగైదు తెరిచి, పది నిమిషాల తర్వాత గేమ్‌కి తిరిగి రండి. వదిలిన చోటే ఉంటే అది ఆగే గేమ్. మొదటి నుంచి లోడ్ అయితే ర్యామ్ చాలక ఫోన్ ఆ గేమ్‌ని మూసేసినట్టు. తక్కువ ర్యామ్ ఫోన్లలో ఇది మామూలే. అలాంటప్పుడు ఆటోసేవ్ ఎక్కడి నుంచి మొదలవుతుందో చూసుకోండి.

ఇప్పుడు నా ఫోన్‌లో ఉన్నవి

యాప్ టైమర్: ఆండ్రాయిడ్‌లో సెట్టింగ్స్, డిజిటల్ వెల్‌బీయింగ్, డాష్‌బోర్డ్‌లోకి వెళ్తే ఏ గేమ్‌కి ఎన్ని నిమిషాలో పెట్టుకోవచ్చు. టైం అయ్యాక ఆ రోజుకి యాప్ ఓపెన్ కాదు. తీసేయడం తేలికే గానీ, తీసేటప్పుడు ఒక్క క్షణం ఆగి ఆలోచిస్తాం. ఆ క్షణం కోసమే ఇది.

కొనుగోళ్లకి తాళం: ప్లే స్టోర్ సెట్టింగ్స్‌లో ప్రతి కొనుగోలుకి పాస్‌వర్డ్ గానీ వేలిముద్ర గానీ అడిగేలా పెట్టండి. పిల్లల చేతికి ఫోన్ ఇచ్చే ఇంట్లో ఇది తప్పనిసరి.

యాప్ పిన్నింగ్: పాపకి ఒక్క యాప్ మాత్రమే కనిపించేలా స్క్రీన్‌ని లాక్ చేస్తుంది. ఐఫోన్‌లో దీన్నే గైడెడ్ యాక్సెస్ అంటారు.

పాప స్క్రీన్ టైం: రెండు నుంచి నాలుగేళ్ల పిల్లలకి రోజుకి గంట మించకూడదని, అంతకంటే తక్కువైతే ఇంకా మంచిదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పింది. మేం అరగంట పెట్టుకున్నాం, అది కూడా మా పక్కన కూర్చునే.

గేమ్స్ మానేశానా అంటే, లేదు. మానేస్తానని కూడా చెప్పను. పాప మెలకువగా ఉన్నంతసేపు మొదటి రకం గేమ్స్ మాత్రమే. రెండో రకం పాప పడుకున్నాక, అది కూడా మా ఆవిడ ఇంట్లో ఉన్నప్పుడు. మూడో రకం పూర్తిగా తీసేశా. ర్యాంక్ బాగా పడిపోయింది, మొదటి వారం కాస్త బాధేసింది కూడా.

అన్నట్టు, డాబా తలుపుకి ఇప్పుడు పైన ఇంకో గడియ పెట్టించా. సాయంత్రం అయ్యేసరికి దాన్ని తియ్యమని పాప వచ్చి చెయ్యి పట్టుకుని లాగుతుంది. ఆడుతున్న గేమ్‌ని పాజ్ చేసి లేస్తా.