పని వెతుక్కుంటున్న చిట్టికి

చిట్టీ,

ఫ్రీలాన్స్ పనులు దొరికే అప్‌వర్క్ సైటులో అనువాదం పనులకు రాత్రింబవళ్లూ దరఖాస్తులు పెడుతున్నావనీ, ఒక్కరూ బదులివ్వడం లేదనీ, దీనికంటే ఏ బడిలోనో టీచరుగా చేరితే నయం అంటున్నావనీ మీ అమ్మ ఫోన్లో చెప్పింది. టీచరు పని మంచిదే, నేను కాదనను. కానీ అనువాదం చేతకాక బదులు రావడం లేదని మాత్రం అనుకోకు. నువ్వు పంపిన స్క్రీన్‌షాట్లు చూశాను. వెతికే పెట్టెలో ఉత్తి 'ట్రాన్స్‌లేషన్' అని కొట్టి, పైన కనబడ్డ ప్రతిదానికీ కనెక్ట్స్, అంటే దరఖాస్తుకు కట్టే టోకెన్లు, ఖర్చుపెట్టావు. ఒక్కో కనెక్ట్ 15 సెంట్లు. ఒక దరఖాస్తుకు పది పడితే ఒకటిన్నర డాలర్లు పోయినట్టే.

ముందు వెతికే మాటల సంగతి చూద్దాం. తెలుగు పని కావాలంటే 'తెలుగు' అని కొడితే చాలదే. పని ఇచ్చేవాడు ఏ బెర్లిన్‌లోనో ఉంటాడు, అతనికి ఏడెనిమిది భారతీయ భాషలు ఒకేసారి కావాలి. పైన 'ఇండియన్ లాంగ్వేజెస్' అనో 'ఇండిక్' అనో రాసి ఊరుకుంటాడు. ఆ పని నీ కంటపడదు. అందుకని మూడు మాటలూ ఇంగ్లీషులో రాసి, మధ్యలో 'ఆర్' అని పెద్ద అక్షరాల్లో పెట్టు. 'ఇండియన్ లాంగ్వేజెస్' లాంటి జంట మాటకు కొటేషన్ గుర్తులు తగిలించు. తెలుగు నేర్పమనే ట్యూషన్ పనులు అడ్డొస్తుంటే 'నాట్' పెట్టి 'ట్యూటర్' తీసెయ్. సబ్‌టైటిల్స్‌కి ఒక సెర్చ్, ఆడియో విని రాసే పనికి ఒకటి, మెషిన్ చేసిన అనువాదం దిద్దే పనికి ఒకటి విడివిడిగా సేవ్ చేసుకో. అన్నీ ఒకే సెర్చ్‌లో కుక్కితే నీకే తికమక.

ఇక ఫిల్టర్లు. అందరూ ముందు డబ్బు గడి మీద పడతారు. నన్నడిగితే దాన్ని ముట్టుకోవద్దంటాను. చాలామంది క్లయింట్లు బడ్జెట్ దగ్గర ఏదో ఒక అంకె వేసి, అసలు రేటు తర్వాత మాట్లాడదామంటారు. 100 డాలర్ల లోపువి వద్దనుకుంటే అలాంటివన్నీ ఎగిరిపోతాయి. నువ్వు ఏరాల్సింది పనుల్ని కాదు, పని ఇచ్చేవాళ్లని. 'పేమెంట్ వెరిఫైడ్' గడిలో టిక్ ఎప్పుడూ ఉంచు. అతని కార్డో ఖాతానో సరిచూశారని మాత్రమే దాని అర్థం, మంచివాడని హామీ కాదు. దాని కింద క్లయింట్ హిస్టరీ ఉంటుంది: ఎవరినీ తీసుకోనివాళ్లు, 1 నుంచి 9 మందిని తీసుకున్నవాళ్లు, 10కి పైన తీసుకున్నవాళ్లు. మొదట్లో నీకు నడిమివాళ్లు మేలు. వాళ్లకు డబ్బివ్వడం తెలుసు, ఇంకా ఆస్థాన అనువాదకులు కుదిరి ఉండరు. పదులకొద్దీ మందితో చేయించుకున్నవాళ్లకు సాధారణంగా తమ మనుషులు తమకుంటారు.

ప్రపోజల్స్, అంటే ఒక పోస్టుకు వచ్చిన దరఖాస్తుల సంఖ్య, 5 లోపు, 5 నుంచి 10, ఈ రెండే పెట్టు. ఇరవై యాభై దాటినచోట నీ ఉత్తరం తెరిచేదెవరు? కొత్త పోస్టులు ముందు కనబడేలా సర్ది, సాయంత్రం పూట చూడు. న్యూయార్క్‌లో ఉదయం 9 అంటే మనకు వేసవిలో సాయంత్రం ఆరున్నర, చలికాలంలో ఏడున్నర. అక్కడివాళ్లు ఆఫీసుకొచ్చి పోస్టు పెట్టే వేళకు నువ్వు భోజనం కూడా చేసి ఉండవు.

'ఎంట్రీ లెవెల్' గడి నీకోసమే పెట్టినట్టు కనిపిస్తుంది గానీ, కొత్తవాళ్లంతా చేరేది అక్కడే. 'ఇంటర్మీడియట్' కూడా కలుపు. క్లయింటు దేశం గడి ఖాళీగా వదిలెయ్. ఒక్కో గడీ బిగించుకుంటూ పోతే చివరికి తెర మీద ఏమీ మిగలదు. పెళ్లిసంబంధాల్లో మీ అత్త కోరికల జాబితా గుర్తుందిగా!

ఫిల్టరు పట్టలేనివి నీ కళ్లే పట్టాలి. పోస్టు తెరిచాక అతను ఇదివరకు గంటకు సగటున ఎంత ఇచ్చాడో, పెట్టిన పోస్టుల్లో ఎన్నింటికి మనుషుల్ని తీసుకున్నాడో, వాళ్లు అతని గురించి ఏం రాశారో చదువు. పీడీఎఫ్ చూసి వర్డ్‌లో టైపు చేస్తే వందల డాలర్లంటే దాటి వెళ్లిపో. టెలిగ్రామ్‌లోకి రమ్మంటే వద్దను. ముందు మనమే డిపాజిట్ కట్టాలంటే అక్కడే ఆపెయ్. శాంపిల్ పేరుతో వెయ్యి పదాలు ఉచితంగా చేయమంటే, పుస్తకాన్ని ముక్కలుచేసి నలుగురికి పంచి పని కానిచ్చుకుంటున్నాడేమో అనుమానించు. నూట యాభై పదాలు మించి చేయకు. మొత్తం పనికి ఒకే రేటు మాట్లాడుకుంటే, మొదటి విడత డబ్బు ఎస్క్రోలో, అంటే అప్‌వర్క్ మధ్యవర్తిగా అట్టేపెట్టే ఖాతాలో, పడ్డాకే కలం పట్టు. పని అప్పగించాక క్లయింటు 14 రోజులు పలక్కపోయినా ఆ డబ్బు నీకే విడుదలవుతుంది. గంటల లెక్కన అయితే అప్‌వర్క్ టైమ్ ట్రాకర్ ఆన్ చేసే పని చెయ్. చేత్తో వేసుకున్న గంటలకు డబ్బు వస్తుందన్న రక్షణ లేదు.

ప్రోజ్ అనే సైటులోనూ పేరు నమోదు చేసుకో. 1999 నుంచి అనువాదకుల కోసమే నడుస్తోంది. పని భాషల జంటను బట్టి దొరుకుతుంది. ఏ ఏజెన్సీ సరిగ్గా డబ్బిస్తుందో అనువాదకులు మార్కులేసే బ్లూ బోర్డు కూడా ఉంది.

ఈ వారం కొత్త దరఖాస్తులు ఆపి, సేవ్ చేసిన సెర్చ్‌లు మూడూ నాకు పంపు. ఈలోగా ప్రొఫైల్లో ఒక సబ్‌టైటిల్స్ శాంపిల్ పెట్టు. సినిమా క్లిప్పు వద్దు, కాపీరైటు గొడవ. మీ తాతయ్య వ్యవసాయం గురించి మాట్లాడుతుంటే రెండు నిమిషాలు ఫోన్లో తీసి దానికి చెయ్. ఆయన యాసని ఇంగ్లీషులో పెట్టగలిగావంటే, చూసినవాడికి నీ పనేమిటో వేరే చెప్పక్కర్లేదు.

మీ పిన్ని